తూము ముందు మూయాలి

ఈ పూట ఫోన్‌లో దూరే దొంగ యాప్‌ల గురించి చెప్పుకుందాం. అవి ఎలా వస్తాయి, వచ్చి ఏం చేస్తాయి, వాటిని ఎలా వదిలించుకోవాలి. ఈ మూడింటిలో ఆఖరిదే మనకు ముఖ్యం. ఎందుకంటే దొంగ యాప్ పడిందని తెలియగానే చాలామంది కంగారులో వరస తప్పుతున్నారు. ఆఖర్న చేయాల్సిన పని ముందు చేస్తున్నారు. ముందు చేయాల్సింది మర్చిపోతున్నారు. ఈలోపు బ్యాంకు ఖాతా ఖాళీ అయిపోతోంది.

మీ ఫోన్ దగ్గర్లో ఉంటే చేతిలోకి తీసుకోండి. వింటూ చూసుకోవచ్చు.

వాట్సాప్‌లో మనకు ఫొటోలు వస్తాయి, వీడియోలు వస్తాయి. ఒక్కోసారి ఫైళ్లు కూడా వస్తాయి. ఆ ఫైలు పేరు చివర చూడండి. ఒక చుక్క, దాని పక్కన ఏ, పీ, కే అని మూడు ఇంగ్లిషు అక్షరాలు ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు. అది ఒక యాప్. నొక్కితే మీ ఫోన్‌లో ఎక్కి కూర్చుంటుంది. మరోసారి చెప్తాను, చుక్క పక్కన ఏ, పీ, కే.

దాని పేరు మాత్రం చాలా పద్ధతిగా ఉంటుంది. పీఎం కిసాన్ అని ఉంటుంది. ఆర్టీఓ చలాన్ అని ఉంటుంది. మీ బ్యాంకు పేరు పెట్టి, కేవైసీ అప్‌డేట్ అనో, రివార్డు పాయింట్లు అనో ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో అయితే పెళ్లి శుభలేఖ అని కూడా వస్తుంది. 2024 నవంబర్‌లో ఈ శుభలేఖ ఫైళ్ల మీద కొన్ని రాష్ట్రాల పోలీసులు జనాన్ని హెచ్చరించారు. శుభలేఖ తెరవడానికి యాప్ ఎందుకండీ? ఫొటో చాలు కదా!

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకు ఈ సంగతి చెప్పడం తేలిక. హేచరీ నుంచి సీడ్ వస్తుంది. సంచిలో చూస్తే పిల్లలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏది మంచిదో, ఏది వైట్ స్పాట్ వైరస్ మోసుకొస్తోందో కంటికి తెలియదు. అందుకే పీసీఆర్ టెస్టు చేయిస్తారు. రిపోర్టు చూశాకే చెరువులో వదులుతారు. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకు ఆ వైరస్ తగిలి కోస్తా అంతా ఎంత నష్టపోయిందో పెద్దవాళ్లకు గుర్తే. 2009లో వనామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యల్ని ముందు చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి పరీక్షించాలని నియమం పెట్టింది అందుకే. అంత జాగ్రత్తపడే మనిషే, వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలును మాత్రం ఏ టెస్టూ లేకుండా ఫోన్‌లోకి వదిలేస్తున్నాడు. ఆ ఫోన్‌లోనే బ్యాంకు ఖాతా ఉంది. పట్టుబడి డబ్బు పడేది ఆ ఖాతాలోనే.

ఇంతకీ ఈ ఫైలు ఎవరు పంపుతారు? ఇక్కడే అందరూ దెబ్బ తినేది. ముక్కూముఖం తెలియని నంబరు నుంచి వస్తే మనమూ అనుమానిస్తాం. కానీ ఇది తెలిసినవాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. ఊరి గ్రూపులో వస్తుంది. రైతుల గ్రూపులో వస్తుంది. మన బాబాయి నంబరు నుంచే వస్తుంది.

ఉండి అనే ఊరి దగ్గర ఒక రైతు ఉన్నాడనుకుందాం. ఆయనకు తమ్ముడి కొడుకు ఫోన్ చేస్తాడు.

"పెదనాన్నా, రాత్రి పంపావే, ఆ కిసాన్ యాప్ ఏంటి? తెరుస్తుంటే తెరుచుకోవట్లేదు."

"నేనేం పంపాన్రా? రాత్రి తొమ్మిదికే పడుకున్నాను."

అప్పుడు తెలుస్తుంది. పెదనాన్న నిద్రపోతున్నాడు, ఆయన ఫోన్ మాత్రం నిద్రపోలేదు. ఆయన ముందురోజు ఒక యాప్ వేసుకున్నాడు. అది ఆయన మెసేజ్‌లు చదివేస్తోంది. దొంగ తన దగ్గరున్న మరో ఫోన్‌లో పెదనాన్న నంబరుతో వాట్సాప్ తెరిచాడు. దానికి కావాల్సిన ఆరంకెల కోడ్ పెదనాన్న ఫోన్‌కే వచ్చింది. ఆ కోడ్‌ని యాప్ దొంగకు పంపేసింది. ఇక ఆయన పేరుతో, ఆయన ఫొటోతో, ఆయన ఉన్న గ్రూపులన్నిటికీ అదే ఫైలు వెళ్లింది. కాబట్టి, తెలిసినవాళ్లు పంపారు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. పంపింది మనిషో కాదో ఫోన్ చేసి అడిగితేనే తెలుస్తుంది.

కిసాన్ పేరే ఎందుకు పెడతారు? కేంద్రం రైతులకు డబ్బిచ్చే పీఎం కిసాన్ పథకం 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడుసార్లు పడుతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో రాష్ట్ర పథకమైన అన్నదాత సుఖీభవ డబ్బు కూడా దానితో కలిపి వేశారు. పక్కింటాయనకు పడి మనకు పడకపోతే మనసు ఊరుకోదు. కేవైసీ కాలేదేమో, ఆధార్ లింకు లేదేమో అని వెతుకుతాం. సరిగ్గా ఆ సమయంలో, మీ కిసాన్ డబ్బు ఆగింది, ఈ యాప్ వేసుకోండి అని మెసేజ్ వస్తుంది. ఈ దొంగలు కంప్యూటర్ తెలిసినవాళ్లో కాదో గానీ, మన ఎదురుచూపులు మాత్రం బాగా తెలిసినవాళ్లు.

ఇళ్లమీద సోలార్ పలకలు పెట్టుకునే పీఎం సూర్యఘర్ పథకం ఉంది కదా. దాని సబ్సిడీ పేరుతో కూడా ఒక దొంగ యాప్ తిరిగిందని మెకాఫీ అనే భద్రతా సంస్థ పరిశోధకులు 2025లో బయటపెట్టారు. యూట్యూబ్ వీడియోలో లింకు పెట్టి అక్కడికి రప్పించేవారు. సబ్సిడీకి నమోదు కావాలంటే ఒక్క రూపాయి కట్టమనేవారు. ఒక్క రూపాయే కదా అని జనం యూపీఐ పిన్ కొడతారు. వాళ్లకు కావాల్సింది రూపాయి కాదు, ఆ పిన్.

ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. 2019లో ఏజెంట్ స్మిత్ అని ఒకటి వచ్చింది. చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో రెండున్నర కోట్ల ఫోన్లకు అది సోకితే, అందులో కోటిన్నర మన దేశంలోనివే. అది ఫోన్‌లో ఉన్న వాట్సాప్ లాంటి మంచి యాప్‌ల స్థానంలో నకిలీవి పెట్టేసేది. 2021లో ఆదాయపు పన్ను రిఫండ్ పేరుతో డ్రినిక్ అని ఇంకోటి వచ్చింది. 27కు పైగా బ్యాంకుల ఖాతాదారుల మీద అది గురిపెట్టిందని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. పేర్లు మారుతుంటాయి. వాటిని గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఫోన్ మనల్ని అడిగే ప్రశ్నలు. ఫైలు నొక్కగానే యాప్ ఎక్కిపోదు. ఫోన్ ముందు అడ్డుకుంటుంది. ఇది తెలియని చోటు నుంచి వచ్చింది, వద్దు అంటుంది. మనం సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫర్వాలేదు అని మీట నొక్కాలి. తర్వాత గూగుల్ వాళ్ల ప్లే ప్రొటెక్ట్ మరోసారి ఆపుతుంది. అక్కడ కూడా కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'ఇన్‌స్టాల్ ఎనీవే' అన్నదాన్ని వెతికి నొక్కాలి. అంటే దొంగ తలుపు పగలగొట్టలేదండీ. రెండు గడియలూ మన చేతే తీయించాడు. ఎలా తీయాలో మెసేజ్‌లో రాసి పంపుతాడు. కొందరైతే ఫోన్ చేసి, "సార్, అది మామూలుగానే వస్తుంది, ఓకే కొట్టండి" అని దగ్గరుండి నొక్కిస్తారు.

లోపలికి వెళ్లాక యాప్ అడుగుతుంది. మీ ఎస్సెమ్మెస్‌లు చదవనా? ఇది అసలు ప్రశ్న. మెసేజ్‌లు చదవనిస్తే ఓటీపీలు చదవనిచ్చినట్టే. కొన్ని ఇంకో అడుగు ముందుకేసి 'యాక్సెసబిలిటీ' అనుమతి అడుగుతాయి. అది కంటిచూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం. దొంగ చేతిలో పడితే, తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మన బదులు అదే మీటలు నొక్కుతుంది. అన్నీ ఇచ్చాక యాప్ బొమ్మ తెర మీద నుంచి మాయమవుతుంది. ఏదో పనిచేయలేదులే అని మనం మర్చిపోతాం. అది లోపలే ఉంటుంది.

సరే, పడింది. ఇప్పుడేం చేయాలి?

చాలామంది వెంటనే ఆ యాప్ ఎక్కడుందో వెతికి తీసేయాలని చూస్తారు. అది ఒక పట్టాన దొరకదు. దొరికినా ఒక్కోసారి పోదు. పది నిమిషాలు దానితోనే గడిచిపోతాయి. ఆ పది నిమిషాలూ ఓటీపీలు వెళ్తూనే ఉంటాయి. చెరువులో జబ్బు కనపడితే రైతు ముందు ఏం చేస్తాడు? తూము మూస్తాడు. నీళ్లు బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. మందూ మాకూ తర్వాత. ఇక్కడా అంతే. తూము ముందు మూయాలి.

ఫోన్‌కు తూము అంటే ఏరోప్లేన్ మోడ్. తెర పైనుంచి వేలితో కిందికి లాగితే విమానం బొమ్మ కనిపిస్తుంది. అది నొక్కండి. డేటా ఒక్కటే ఆపితే చాలదు. ఎందుకంటే కొన్ని యాప్‌లు ఓటీపీని మామూలు ఎస్సెమ్మెస్‌గా కూడా పంపేస్తాయి. దానికి నెట్ అక్కర్లేదు. విమానం బొమ్మ నొక్కితే రెండూ ఆగుతాయి. అయితే కొన్ని ఫోన్లలో విమానం బొమ్మ నొక్కినా వైఫై అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నవాళ్లు వైఫై గుర్తు కూడా ఆరిపోయిందో లేదో చూడండి. చేతులు వణుకుతున్నాయా, ఏదీ తోచడం లేదా? ఫోన్ స్విచ్ ఆఫ్ చేసేయండి. అదీ తూము మూసినట్టే.

తర్వాత సిమ్ బయటికి తీయండి. ఇంట్లో ఏ మూలో పాత కీప్యాడ్ ఫోన్ ఉంటుంది. సిమ్ అందులో వేయండి. ఇకనుంచి ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు ఆ డబ్బా ఫోన్‌కి వస్తాయి. దాన్ని ఈ దొంగ యాప్ ఏమీ చేయలేదు.

ఇప్పుడు రెండో పని. వేరే ఫోన్ నుంచి మాట్లాడాలి. మొదట బ్యాంకుకు, వెంటనే 1930కి. మళ్లీ చెప్తున్నాను, ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. ఇది కేంద్ర హోంశాఖ పెట్టిన సైబర్ మోసాల హెల్ప్‌లైన్. దొంగలు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు చకచకా తోస్తారు. మీరు త్వరగా చెప్తే, అది ఏ ఖాతాలో ఉందో అక్కడే ఆపేసే ఏర్పాటు ఉంది. ఏటీఎంలో తీసేశాక ఆపడానికి ఏమీ ఉండదు.

బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతకొద్దు. ఇది పెద్ద ప్రమాదం. అక్కడ కూడా దొంగలే కస్టమర్ కేర్ పేరుతో నంబర్లు పెట్టి కూర్చున్నారు. పోయింది చాలక, రెండోసారి పోగొట్టుకున్నవాళ్లున్నారు. మీ ఏటీఎం కార్డు వెనక నంబరుంటుంది. పాస్‌బుక్ మీద ఉంటుంది. ఆ నంబరుకే చేయండి. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ, మూడూ ఆపమని చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి, టైముతో సహా కాగితం మీద రాసుకోండి.

ఆ టైము ఎందుకు రాసుకోమంటున్నానో వినండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన నిబంధన ఒకటి ఉంది. ఖాతాదారు అజాగ్రత్త వల్ల, పిన్ లాంటివి బయటపడి డబ్బు పోతే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఖాతాదారు నష్టం. చెప్పిన తర్వాత పోయినది బ్యాంకు నష్టం. అందుకని, సిగ్గుపడుతూ సాయంత్రం దాకా ఆగితే ఆ సాయంత్రం దాకా పోయింది మనదే. కొడుకు అమెరికాలో నిద్రలేచాక అడుగుదాంలే అని ఆగేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. అబ్బాయిని తర్వాత అడగండి. ముందు బ్యాంకుకు చెప్పండి.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు యాప్ సంగతి. ఇప్పుడు తొందర లేదు. సిమ్ లేదు, వైఫై లేదు. తాపీగా కూర్చోండి.

ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరవాలి. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు. కంపెనీ ఇచ్చినవే పనిచేస్తాయి. దొంగ యాప్ కూడా కదలకుండా పడి ఉంటుంది. ఎలా తెరవాలి? చాలా ఫోన్లలో, పవర్ బటన్ నొక్కితే తెర మీద 'పవర్ ఆఫ్' అని వస్తుంది. ఆ మాట మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచండి. సేఫ్ మోడ్ కావాలా అని అడుగుతుంది. సరే అనండి. ఫోన్ ఆరి మళ్లీ వెలుగుతుంది. కింద మూలన సేఫ్ మోడ్ అని కనిపిస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ పద్ధతి వేరుగా ఉంటుంది. తెలియకపోతే నమ్మకమైన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. సిమ్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

సేఫ్ మోడ్‌లోకి వచ్చాక సెట్టింగ్స్ తెరవండి. అందులో యాప్స్ అని ఉంటుంది. మొత్తం జాబితా చూడండి. తెర మీద బొమ్మ మాయమైనా ఈ జాబితాలో ఉంటుంది. కొన్నిటికి పేరే ఉండదు, ఖాళీగా ఉంటుంది. కొన్ని 'సిస్టమ్ అప్‌డేట్' లాంటి పెద్దమనిషి పేరు పెట్టుకుంటాయి. మీరు ఆ రోజు వేసుకున్నదేదో గుర్తు తెచ్చుకోండి. దాన్ని నొక్కితే 'అన్‌ఇన్‌స్టాల్' అని ఉండాలి.

ఒక్కోసారి ఆ మాట మసకగా ఉంటుంది. నొక్కినా కదలదు. దానర్థం, ఆ యాప్ మీ చేత ముందే పెత్తనం రాయించుకుంది. పెత్తనం తీసేస్తే గానీ అది పోదు. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట 'డివైస్ అడ్మిన్' అని కొట్టండి. అక్కడ ఈ యాప్ పేరుకు ఎదురుగా మీట వేసి ఉంటే ఆపేయండి. అలాగే 'యాక్సెసబిలిటీ' అని వెతకండి. అక్కడా దీని పేరుంటే ఆపండి. ఎస్సెమ్మెస్‌లకు ఏ యాప్ వాడుతున్నామో అది కూడా చూడండి. అక్కడ దీని పేరుంటే మార్చి, ఫోన్‌తో వచ్చిన మెసేజ్ యాప్ పెట్టండి. ఇప్పుడు తిరిగి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. పోతుంది. పెత్తనం తీశాక తీసేయాలి. ముందు పెత్తనం, తర్వాత యాప్.

అంతటితో అయిపోలేదు. ఫైలు ఇంకా ఉంది. వాట్సాప్‌లో ఉంటుంది, ఫోన్ డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది. రెండు చోట్లా తుడిచేయండి. లేకపోతే నెల తర్వాత ఇంట్లో మనవడు ఆడుకుంటూ మళ్లీ నొక్కుతాడు. ఆ తర్వాత ఫోన్ మామూలుగా తెరిచి, వైఫై మీద, ప్లే స్టోర్‌లోకి వెళ్లి, పైన మీ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లో స్కాన్ చేయించండి. హైదరాబాద్‌లోని సీడాక్ వాళ్లు తయారుచేసిన ఎం-కవచ్ 2 అనే యాప్ కూడా ఉంది. ప్రభుత్వానిది, ఉచితం. అయితే దాన్ని కూడా ప్లే స్టోర్ నుంచే తెచ్చుకోవాలి. వాట్సాప్‌లో ఎవరైనా ఎం-కవచ్ అని ఫైలు పంపితే, అది కూడా దొంగే కావచ్చు!

ఇంత చేసినా ఫోన్ వేడెక్కుతున్నా, తనంతట తను తెరలు తెరుస్తున్నా, ఫ్యాక్టరీ రీసెట్ చేయించేయండి. ఫొటోలు, నంబర్లు దాచుకోండి. యాప్‌లను మాత్రం పాత బ్యాకప్ నుంచి తేకుండా, ఒక్కొక్కటీ ప్లే స్టోర్ నుంచి కొత్తగా వేసుకోండి. ఫోన్ శుభ్రమయ్యాకే సిమ్ అందులో వేయండి. అప్పుడు యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ కొత్తవి పెట్టుకోండి. శుభ్రం కాని ఫోన్‌లో పిన్ మార్చితే కొత్త పిన్ కూడా దొంగకే చెప్పినట్టు.

ప్లే స్టోర్ అంటే నూటికి నూరు పాళ్లు నిక్కమా అని అడగొచ్చు. కాదు. జోకర్ అనే ఒక రకం దొంగ యాప్‌లను 1,700కు పైగా తన స్టోర్ నుంచే ఏరివేశామని 2020 జనవరిలో గూగులే చెప్పింది. అందుకే అక్కడ కూడా పేరు కింద ఎవరు తయారుచేశారో చూడాలి. వాహనాల ఎం-పరివాహన్ యాప్ అయితే, కింద ప్రభుత్వ సంస్థ పేరుండాలి. చలాన్ నిజంగా ఉందో లేదో పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. కిసాన్ డబ్బు సంగతి రైతు సేవా కేంద్రంలో అడగొచ్చు. దేనికీ వాట్సాప్‌లో వచ్చిన యాప్ అవసరం పడదు.

ఇప్పుడు ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు ఒక్క పని చేయండి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతకండి. ఒక జాబితా వస్తుంది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అని కనిపిస్తాయి. వాటి ఎదురుగా అనుమతి ఇచ్చి ఉంటే తీసేయండి. ఇంట్లో అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో కూడా చూడండి. వాట్సాప్‌లో ఇంకోటి. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద 'టూ స్టెప్ వెరిఫికేషన్' ఉంటుంది. అక్కడ ఆరంకెల పిన్ పెట్టుకోండి. ఇందాక చెప్పిన పెదనాన్న ఆ పిన్ పెట్టుకుని ఉంటే, కోడ్ దొంగ చేతికి వెళ్లినా వాట్సాప్ తెరుచుకునేది కాదు.

ఒకవేళ మీ పేరుతో ఫైళ్లు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే, వాట్సాప్ మళ్లీ మీ చేతికి రాగానే, గ్రూపుల్లో రాసి ఊరుకోకండి. నేను పంపలేదు అని దొంగ కూడా రాయగలడు. మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టండి. గ్రూప్ అడ్మిన్‌కి ఫోన్ చేసి ఆ ఫైలును అందరికీ పోయేలా డిలీట్ చేయమనండి. ఆ ఫైలు తెరిచినవాళ్లెవరైనా ఉంటే, వాళ్లను ముందు విమానం బొమ్మ నొక్కమని చెప్పండి.